ఏడువందల ముప్ఫై నాలుగో పేజీ

మా తోడికోడలికి, అంటే మా అక్కకి, గాలి సోకిందని చాటింపు పిన్ని రొట్టెల కొట్టు ఆవిడతో అన్నదట. నిన్న సాయంత్రం పెరట్లో ముక్కాలిపీట మీద ఒక్కతే కూచుని, ఒళ్ళో ఆ దిండంత పుస్తకం పెట్టుకుని, పొట్ట పట్టుకుని మరీ నవ్విందట. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఒళ్ళోకి చూసి మళ్ళీ నవ్విందట. "ఇరవై ఏళ్ళుగా గోడ పక్కన కాపురం ఉంటున్నాను, ఆ మనిషికి పళ్ళున్నాయని నిన్ననే తెలిసింది" అని కూడా అన్నదట పిన్ని. రొట్టెల కొట్టావిడ ఈ కబురుని వేడి తగ్గకుండా, రొట్టెతో పాటే కాగితంలో చుట్టి పొద్దున్నే నా చేతిలో పెట్టింది. నేనూ నవ్వేసి బయల్దేరాను. సగం దారిలో కాలు ఆగిపోయింది. నిన్నటికి అక్క ఆరువందల ఎనభై దగ్గర ఉండాలి. అక్కడ నవ్వడానికేముంది? అక్కడ వరసగా మూడు చావులు, ఒక ఇల్లు తగలబడటం, ఒక గుర్రం కాలు విరగడం. నేను ఆ పేజీల దగ్గర రెండు రుమాళ్ళు తడిపాను. నవ్వు తెప్పించేది అచ్చులో ఏదీ లేదక్కడ. మరి అచ్చులో లేనిది ఏముంది ఆ పుస్తకంలో అని నన్ను నేనే అడిగాను, అడిగిన మరుక్షణం చీటీ గుర్తొచ్చింది, రొట్టె చేతిలోంచి జారి మురిక్కాలవ అంచున పడింది.

ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలు. కరెంటు పోయింది. పోతే గంటకి తక్కువ రాదు, అది దాని పద్ధతి. దుకాణంలో రెండు మిషన్ల మోటార్లూ నోరు మూసుకున్నాయి. మా ఆయన అన్నగారి భార్య, నాకు కుట్టుపని నేర్పిన మనిషి, ఈ దుకాణంలో సగం నాదైతే సగం తనదైన మా అక్క, కత్తిరింపు బల్ల దగ్గర కుర్చీని కిటికీ వెలుతురులోకి జరుపుకుని, బల్ల కింద అరలోంచి పుస్తకం తీసి, కళ్ళజోడుని లైనింగు గుడ్డ ముక్కతో తుడుచుకుని, తెరిచింది. ఆవిడకెదురుగా ఎత్తుపీట మీద కూచుని నేను బడి పిల్లల చొక్కాలకు గుండీలు కుడుతున్నాను. పన్నెండు చొక్కాలు, చొక్కాకి ఏడు గుండీలు. ఇందాక మంచినీళ్ళ మిషతో ఆవిడ భుజం పక్కనుంచి నడిచి ఓ కన్ను వేశాను: ఏడువందల ఎనిమిది. చీటీ ఉన్నది ఏడువందల ముప్ఫై నాలుగులో, కాబట్టి నిన్నటి నవ్వు దేనికైనా సరే, అది ఇంకా ఆవిడ కంట పడలేదు. మధ్యలో ఇరవై ఆరు పేజీలు. అక్క పేజీకి రెండు నిమిషాలు తీసుకుంటుంది, వేలు పెట్టి చదివే రకం. యాభై రెండు నిమిషాలు. కరెంటు రావడానికి గంట. ఈ లెక్క ఎటునుంచి వేసినా టేపు తిరిగి తిరిగి నా మెడకే చుట్టుకుంటోంది.

ఆ చీటీ రాసిన చెయ్యి పడిపోను. అయినా తప్పు నాది కాదు, పుస్తకానిది. పదకొండువందల ఎనభై పేజీలు, అందులో యాభై ఏడుగురు మనుషులు, ఒక్కొక్కరికీ మూడేసి పేర్లు, ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, కోపమొస్తే ఒకటి. నూరో పేజీకి వచ్చేసరికి ఎవరు ఎవరి బావమరిదో తెలియక నా బుర్ర చిక్కుపడిన దారపుండ అయిపోయింది. మా ఊళ్ళో మా నాయనకి మూడువందల గొర్రెలుండేవి. ఆయన ప్రతి గొర్రెకీ చుట్టాల్లో ఒకరి పోలిక పెట్టుకునేవాడు. ఇదిగో ఇది మీ మేనత్త, మందకి దూరంగా మేస్తుంది, పిలిస్తే ఇంకా దూరం పోతుంది. అది మీ చిన్నాన్న, పక్కదాని మేతలో మూతి పెడుతుంది. సాయంత్రం మంద మళ్ళించేటప్పుడు గొర్రెల్ని లెక్కపెట్టడు, "మీ పెద్దమ్మ కనబడదేం?" అంటాడు, ఇద్దరం వెతకబోతాం, నిజంగానే ఆ గొర్రే ఉండదు. నేను కాలేజీకి పోయి సాహిత్యం చదివాను, దాని లక్షణాలు పద్నాలుగు బట్టీ పట్టాను, ఒక్కటి కూడా ఈ పుస్తకం దగ్గర అక్కరకు రాలేదు. నాయన పద్ధతే వచ్చింది. కొలతల చీటీ ఒకటి వెనక్కి తిప్పి, ఒక్కొక్క పాత్ర పేరూ రాసి, దానికెదురుగా మా వీధిలో పోలిక కుదిరిన మనిషిని రాసుకున్నాను. వీలునామా తెరిచేదాకా చావనని భీష్మించుకున్న మామ, మందుల షాపాయన. ఎక్కడ శవం లేచినా ముందు వరసలో కూచునే పినతల్లి, చాటింపు పిన్ని. పరాయివాళ్ళ ఉత్తరాలు ఆవిరి పట్టి విప్పి చదివే వంటమనిషి, మళ్ళీ చాటింపు పిన్నే. సైన్యం రహస్యాలు అమ్ముకునే గూఢచారి, ఇంకెవరు, పిన్నే, ఒక్క మనిషికి అన్ని వేషాలు ఏ నాటకంలోనూ ఉండవు. మా ఆయనకి మాత్రం యాభై ఏడుగురిలో ఒక్కరూ సరిపడలేదు. చివరికి ఆ ఇంటి హాల్లో ఉండే గోడగడియారం పక్కన రాశాను. అది ఎప్పుడూ అరగంట ఆలస్యంగా కొడుతుంది, కొట్టబోయే ముందు చాలాసేపు గరగరమంటుంది.

అక్క పేజీ తిప్పింది. చూపుడువేలు నాలిక మీద అద్దుకుని, మూల పట్టుకుని, పట్టుబట్ట తిప్పినట్టు తిప్పుతుంది. గుండీకి నాలుగు కన్నాలు, మూడో కన్నంలోంచి సూది నా వేల్లోకే దిగింది.

ఇక తాళాలావిడ. నూట ఇరవయ్యో పేజీలో నడుముకి తాళాలగుత్తితో దిగుతుంది, దిగిందగ్గర్నుంచీ ఆ ఇంట్లో గాలి కూడా ఆవిణ్ణి అడిగే వీస్తుంది. ఎవరికీ ఒక్క తాళం ఇవ్వదు. అడక్కపోతే అలుగుతుంది, అడిగితే మండిపడుతుంది. ఒక్కసారి నొచ్చుకుందా, రెండువందల పేజీలు పెదవి విప్పదు. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, ఇది రాసినాయన మా దుకాణానికి వచ్చి ఓ మూల కూచుని రాసుకుపోయాడా అని. ఆవిడ పేరుకెదురుగా రెండే మాటలు రాశాను: అక్క, అచ్చు. అక్కడితో ఊరుకోవచ్చు కదా. కింద చిన్న అక్షరాలతో, తాళాలకి బదులు కత్తెర, అని కూడా రాశాను. ఆ పదకొండంగుళాల కత్తెర ఇప్పుడు ఆవిడ మోచేతి పక్కన నోరు తెరుచుకుని పడుకుంది. ఈ దుకాణంలో పన్నెండేళ్ళ నుంచి పని చేస్తున్నాను, దాన్ని ముట్టుకునే హక్కు నాకు ఇంకా రాలేదు.

ఏడువందల పన్నెండు. కాదు, పద్నాలుగు. ఇవాళ వేగంగా చదువుతోందేం, పాడుపుస్తకం ఇక్కడే పట్టు బిగిస్తుంది, అప్పుడే చచ్చినవాడి పెట్టెలో రెండో పెళ్ళాం ఫొటో దొరుకుతుంది మరి. నేను ఆ రోజు అన్నం పొయ్యి మీద మాడ్చాను. ఏడువందల ముప్ఫై నాలుగుకి వచ్చేసరికి సగం మంది చచ్చారు, మిగిలినవాళ్ళు గుర్తుండిపోయారు, చీటీతో పని లేకపోయింది, అక్కడే వదిలేశాను. మనుషులు తగ్గితే కథ ఎంత తేలికవుతుందో. మా అత్తగారి ఇల్లు కూడా అంతే, మొదట్లో పద్నాలుగురం, ఇప్పుడు మాట్లాడుకోవడానికి నేనూ అక్కా తప్ప ఎవరూ మిగల్లేదు, ఆ ఇద్దరం మాట్లాడుకోము.

మాట్లాడుకోము అంటే పూర్తిగా కాదు. దారం. సూది. ఆ మెడ అరంగుళం దించు. రెండేళ్ళుగా మా మధ్య ఉన్న భాష ఇది. ఈ భాషలో అలగడానికి చోటు లేదు, నవ్వడానికీ లేదు. ఎందుకిలా అయిందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. బడి పెద్ద టీచరమ్మ కోటు రోజు నుంచి అంటాడు మా ఆయన, గరగరమని గొంతు సవరించుకుని. ఆ రోజు మాత్రం ఏమయిందని? టీచరమ్మ కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని కాలరు ఒక పక్కకి లాగుతోందంది. నిజంగానే లాగుతోంది, అక్కకి అప్పటికే ఎడమ కన్ను మసక. దుకాణం నిండా జనం. మాట పోతుందే అని నేను గబుక్కున లేచి, ఆ కోటు అందుకుని, కుట్లు విప్పి, పావుగంటలో తిరిగి కుట్టి ఇచ్చాను. టీచరమ్మ మురిసిపోయింది, శిష్యురాలు గురువుని మించిపోయిందే అంది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దుకాణం పరువు నిలబెట్టాను. ఆ సాయంత్రం నుంచి అక్క దారం, సూది. వేడి పాలల్లో వేలు పెట్టినట్టు అంత మాత్రానికి ముడుచుకుపోతారా ఎవరైనా? తాళాలావిడ ముడుచుకుపోతుంది. అందుకే రాశాను.

ఈ పుస్తకం మా వీధిలో చేతులు మారడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. రిటైరైన పోస్టుమాస్టరు గారు ఇల్లు ఖాళీ చేస్తూ టీచరమ్మకిచ్చారు, టీచరమ్మ నర్సుకి, నర్సు రొట్టెల కొట్టావిడకి, అక్కడ మూడు పేజీలకి వెన్న అంటింది, అక్కణ్ణుంచి నాకు. దీనికి ఎవరూ రాయని నియమాలు కొన్ని ఏర్పడ్డాయి. చేతికి చేయి ఇవ్వాలి, గుమ్మంలో పెట్టి పోకూడదు. ఇచ్చేటప్పుడు కథ ఒక్క ముక్క చెప్పకూడదు. వంతు కోసం చూసేవాళ్ళు వారానికి ఒక్కసారే అడగాలి. నా తర్వాత వంతు బస్సు డ్రైవరుది. కానీ పన్నెండు రోజుల కిందట నేను చివరి పేజీ చదివి, మూసి, ఏడుస్తూ కూచుంటే, మిషను మీంచి తల ఎత్తకుండా అక్క "అయిపోయిందా?" అంది. దారం కాదు, సూది కాదు. అయిపోయిందా! రెండేళ్ళలో పనికి సంబంధించని మొదటి మాట. నేను ముక్కు తుడుచుకుని, డ్రైవరునీ వాడి వంతునీ గాలికొదిలేసి, రెండు చేతులా ఆ పుస్తకం తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను. పుస్తకాన్ని ఒక్కసారి తిరగేసి చూసుకోవాలన్న ఇంగితం ఉండొద్దూ? సంతోషంలో లేకపోయింది.

ఆ రోజు నుంచి రోజుకొక మాట. "ఆ రెండోవాడు మంచివాడు కాదు కదూ?" అంది నాలుగోరోజు. చెప్పకూడదు కాబట్టి నేను పెదవులు కుట్టేసుకుని తల మాత్రం ఊపాను, ఎటు ఊపానో నాకే తెలీదు. ఆరోరోజు "వాళ్ళింట్లో వంటమనిషి ఉందే!" అని ఆగిపోయి, పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుంది. నిన్నయితే, నిన్న పొద్దున, నా గ్లాసులో కూడా టీ పోసింది. ఎన్ని చెంచాల చక్కెరో అడక్కుండా పోసింది, ఒకటిన్నర, మర్చిపోలేదు. ఆ టీ చివరి చుక్కదాకా తాగాను. దాని కోసమైనా ఆ చీటీ ఆవిడ కంట పడకూడదు. ఒక్క కాగితం ముక్క, నాలుగంగుళాలు ఇంటూ ఆరు, దాని మీద నా దిక్కుమాలిన చేతిరాత. ఈసారి మూతి బిగించిందంటే ఇక దారం, సూది కూడా ఉండవు, సైగలే.

ఏడువందల ఇరవై రెండు. పుస్తకం ఎడమ వైపు అంగుళం ముప్పావు, కుడి వైపు అంగుళానికి నూలుపోగు ఎక్కువ. నా కన్ను తప్పు కొలవదు.

"అక్కా," అన్నాను. "ఒక్కసారి ఆ పుస్తకం ఇస్తావా? ఒక పేజీ చూసుకోవాలి."

"ఏ పేజీ?"

"ఏదో... ఏడొందల చిల్లర."

"ఏం పోయింది అందులో?"

"ఏమీ పోలేదు. ఒక వాక్యం బావుంది. మళ్ళీ చూద్దామని."

"నేను అక్కడికొచ్చాక చదివి వినిపిస్తాలే," అంది కళ్ళెత్తకుండా.

వినిపిస్తుందట. భూమీ, నువ్వు చీలడం మానేసి ఎన్నాళ్ళయింది? అప్పుడు గుమ్మంలో నీడ పడింది, బస్సు డ్రైవరు, ప్యాంటు అంచులు వేయించుకున్నాడు, దానికోసం వచ్చాడు. ఇంత పెద్ద శరీరాన్ని చూసి నాకు ఎప్పుడూ ఇంత ప్రేమ కలగలేదు. కూచో అన్నాను, మంచినీళ్ళిచ్చాను, ప్యాంటు ఎక్కడుందో తెలిసి కూడా మూడు అరలు వెతికాను.

"అక్కగారూ, ఎక్కడిదాకా వచ్చారు?" అన్నాడు, పుస్తకం వంక ఆకలిగా చూస్తూ.

"వారానికి ఒక్కసారి. మొన్న ఆదివారం అడిగావు," అంది అక్క.

"అసలు నా వంతు. మధ్యలో మీరు దూరారు."

"దూరాను. ఏం చేస్తావు?"

"ఏం చేస్తానండీ, మీరు కుట్టిన ప్యాంటు వేసుకోవాల్సినవాణ్ణి," అని నవ్వి, "పోనీ అట్ట మీదున్న ఆ గుర్రం బతుకుతుందా?" అన్నాడు.

"చెప్పం!" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఒక్కసారే! ఒకే గొంతు అనుకోవచ్చు, మా అత్తగారు బతికున్న రోజుల్లో అప్పడాల వాడిని బేరమాడినట్టు. అక్క నా వంక చూసింది, చూసి మళ్ళీ పేజీలోకి దిగింది. ఆ చూపులో ఏమీ లేదు, శాంతంగా ఉంది. పాపం, ఇంకా తెలీదు, ఇంకో పదిహేను నిమిషాల్లో తెలుస్తుంది, తల తెగబోయే మనిషి కత్తి దెబ్బ ఎంత నొప్పో లెక్కేసినట్టు నేను లెక్కేస్తున్నాను. డ్రైవరు నేను ఇచ్చిన నీళ్ళు గటగటా తాగి, నాకు పావుగంట మాత్రం సాయపడి, వెళ్ళిపోయాడు. ఆవిడ వాడు మాట్లాడుతున్నంతసేపూ వేలు కదుపుతూనే ఉంది. ఏడువందల ముప్ఫై.

దుకాణం తగలబడుతోందని అరిస్తే? మొన్ననే ఇస్త్రీపెట్టె వల్ల నిజంగా పొగ వచ్చింది, అప్పుడు పుస్తకం పట్టుకునే బయటికి పరిగెత్తింది, కాబట్టి లాభం లేదు. మూర్ఛపోతే? నేను పడితే పీట విరుగుతుంది, నా బరువు నాకు తెలుసు. ఒప్పేసుకుంటే? అక్కా, గొర్రెల పద్ధతి అని మా నాయన ఒకాయన ఉండేవాడు... ఇది మొదలుపెట్టేలోపే ఆవిడ వింటుందా? పోనీ తాళాలావిడ చివరికి అందరికంటే గొప్పదిగా తేలుతుంది అని చెబితే? తేలదు. నూతిలో పడి చస్తుంది. పైగా కథ చెప్పకూడదు.

ఏడువందల ముప్ఫై రెండు. నేను గుండీని చొక్కాకి కాకుండా నా లంగా కుచ్చికి కుట్టుకున్నాను. ముప్ఫై మూడు. అక్క వేలు నాలిక మీద అద్దుకుంది. మూల పట్టుకుంది. తిప్పింది.

ఏమీ లేదు.

తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, అంతే. ముప్ఫై అయిదు. ముప్ఫై ఆరు. కాగితం లేదు, మడత లేదు. నా గుండె గుంజ విప్పిన దూడలా గెంతింది. పడిపోయి ఉంటుంది! పెరట్లో, దారిలో, పిల్ల కాలవలో, ఏ గేదె కడుపులోకో పోయి ఉంటుంది! ఆ గేదెకి నిండు నూరేళ్ళు! నేను చివరి గుండీకి ముడి వేసి దారం పళ్ళతో కొరికాను, కొరికి తల ఎత్తాను, కరెంటొచ్చింది, రెండు మోటార్లూ ఒక్కసారి ఊపిరి పీల్చాయి. అక్క చదివిన పేజీ దగ్గర వేలు ఉంచి, రెండో చేత్తో జేబులోంచి ఒక కాగితం తీసి, గుర్తుగా అక్కడ పెట్టింది. నాలుగంగుళాలు ఇంటూ ఆరు. ఒక పక్క ఛాతీ ముప్ఫై ఆరు, నడుము ముప్ఫై. రెండో పక్క నా చేతిరాత. దాని మీద పేరు పేరుకీ నీలం రంగు సుద్దముక్కతో టిక్కులు, టీచరు పరీక్ష పేపరు దిద్దినట్టు.

ఒళ్ళో చొక్కా పక్కన పెట్టి ఎత్తుపీట దిగాను.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నేను ఏ గుడ్డయినా దులపకుండా బల్ల మీదకి తీసుకోను. గుండుసూదులుంటాయి," అంది. "పుస్తకమయితే మాత్రం? నువ్వు ఇచ్చిన రోజే దులిపాను."

పన్నెండు రోజులు. రెండోవాడు మంచివాడు కాదు కదూ అన్నది చీటీ చదివాకే. వంటమనిషి ఉందే అని నవ్వు ఆపుకున్నది చదివాకే. పెరట్లో పొట్ట పట్టుకున్నదీ. ఒకటిన్నర చక్కెరా. ఇదంతా తెలిసి పోసిన టీయే నేను తాగింది.

"గడియారం బాగా కుదిరింది," అంది. "దానికి రెండు టిక్కులు పెట్టాను. పిన్నికి ఇంకో రెండు వేషాలివ్వొచ్చు, నీకు తోచలేదు. మందుల షాపాయన కాదు, ఆ మామ మీ బావగారు, సరిచేశాను." చీటీ మీద వేలు కిందికి జారింది, జారి ఒక చోట ఆగింది. ఆ ఒక్క పేరు దగ్గర టిక్కు లేదు, నీలం రంగు ఇంటూ గుర్తుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"అక్కా, అది ఊరికే..."

"సంగీతం మాస్టారి పేరు ఎక్కడా రాయలేదేం?"

"ఏ మాస్టారు?"

"మూడువందల పది నుంచి మూడువందల యాభై దాకా ఉంటాడు."

నాకు గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది, గుర్తొచ్చింది మనిషి కాదు, నా బొటనవేలు, ఆ పేజీల్ని ఒక్క పట్టున అవతలికి తోయడం. "అదా," అన్నాను. "అక్కడ ఏమీ జరగడం లేదని దాటేశానక్కా. ఎవరూ చావరు, ఎవరూ లేచిపోరు."

"ఎవరూ చావరు," అంది అక్క. కళ్ళజోడు తీసింది. "ఆ ఇంటి చిన్నపిల్లకి ఆయన ఆరేళ్ళు కూచోబెట్టి పాట నేర్పుతాడు. ఓ సాయంత్రం చుట్టాలందరి ముందూ ఆయనకి ఒక స్వరం తప్పుతుంది. ముసలాయన, చెవి మందగించింది. పిల్ల చప్పున లేచి తనే అందుకుని సరిగ్గా పాడేస్తుంది. అందరూ చప్పట్లు. పిల్ల మురిసిపోతుంది, ఆయన పరువు కాపాడాననుకుంటుంది. ఆ తర్వాత ముప్ఫై పేజీలు ఆయన రోజూ వస్తాడు, శ్రుతి సరిచూస్తాడు, పోతాడు. పిల్లకేమో మాస్టారు ఎందుకు అలిగాడో అర్థం కాదు."

మోటార్లు రొద పెడుతున్నాయి. ఎవరం పెడల్ మీద కాలు వెయ్యలేదు. "ఆయనకి మన వీధిలో పోలిక ఎవరున్నారక్కా?" అన్నాను.

అక్క పుస్తకం మూసింది. కత్తెర అందుకుంది.

"తాళాలావిడ నేను కాదు. నేనున్నది నువ్వు చదవకుండా దాటేసిన ఆ నలభై పేజీల్లో."